ఏడు మొగలు, పదకొండు రాత్రులు



కోనసీమలో ఇవాళ విదేశంలో కొడుకో కూతురో లేని వీధి అరుదు. వేసవి సగమయ్యేసరికి కెనడాలో ఉన్నవాళ్ళ దగ్గర నుంచి ఫోనులోకి ఫొటోలు వస్తాయి. సముద్రం ఒడ్డున చిన్న గుడారం, పక్కన కారు, కారు నెత్తిన కట్టిన సామాను, ఇనప చట్రంలో మంట, మంట చుట్టూ పిల్లలు. అవి చూసి ఇక్కడ పెద్దవాళ్ళు ఆశ్చర్యపోతారు. లక్షణమైన ఇల్లుండగా పసిపిల్లల్ని తీసుకుపోయి ఆరుబయట పడుకోబెట్టడమేమిటని అడుగుతారు. ఆ అడిగేవాళ్ళ తాతలూ నాయనమ్మలూ సరిగ్గా ఆ పనే చేశారు. మన తీరం వెంట, మాఘమాసపు చలిలో, పిల్లాపాపలతో చేశారు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఆ ప్రయాణం గురించీ, దాన్ని మళ్ళీ ఎలా చేయవచ్చన్న దాని గురించీ.

ముందు కెనడా సంగతి కాస్త చెప్పుకుందాం. ఆ దేశపు తూర్పు తీరంలో నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ అనే చిన్న రాష్ట్రాలు మూడు పక్కపక్కనే ఉంటాయి. జూలై, ఆగస్టు నెలల్లో కుటుంబాలు కారు కట్టుకుని ఈ మూడూ చుట్టివస్తాయి. కేప్ బ్రెటన్ దీవిలో కాబట్ ట్రైల్ అనే రోడ్డుంది. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం చూపిస్తూ 298 కిలోమీటర్లు తిప్పి బయలుదేరిన చోటికే తెచ్చి దింపుతుంది. అదే ప్రాంతంలోని ఫండీ అఖాతంలో పోటు కొన్నిచోట్ల 16 మీటర్ల దాకా లేస్తుంది. ప్రపంచంలో అంత ఎత్తు పోటు ఇంకెక్కడా లేదంటారు. న్యూ బ్రన్స్‌విక్ వైపు హోప్‌వెల్ రాక్స్ అనే చోట పాటు వేళ మెట్లు దిగి సముద్రపు అడుగున నడిచిరావచ్చు. ఆరుగంటలు గడిస్తే అదే చోట పడవ నడుస్తుంది. పోటు వేళల పట్టిక చూసుకోకుండా అక్కడ ఎవరూ మెట్లు దిగరు.

దృశ్యాలు ఎంత గొప్పవైనా, పిల్లలతో వెళ్ళే కుటుంబానికి ధైర్యమిచ్చేది మాత్రం రాత్రి బస ఏర్పాటే. అక్కడి జాతీయ పార్కుల్లో గుడారం వేసుకునే ప్రతి జాగాకీ ఒక నంబరుంటుంది. ముందే డబ్బు కట్టి ఆ నంబరు తీసుకుంటారు. చదునుచేసిన నేల, ఒక బల్ల, మంట వేసుకునే గుంట, నడిచివెళ్ళే దూరంలో కుళాయి, మరుగుదొడ్లు ఉంటాయి. తిండి సామాను రాత్రి బయట వదలకూడదు, వాసనకి ఎలుగుబంట్లు వస్తాయి. కట్టెలు ఇంటి నుంచి మోసుకుపోకూడదు, ఎక్కడ కొన్నవి అక్కడే కాల్చాలి. ఒక అడవిలోని చెట్ల పురుగు కట్టెల్లో దాగి ఇంకో అడవికి చేరకుండా పెట్టిన నియమమది. ఇన్ని నియమాలున్నాయి కనకనే తల్లిదండ్రులు నిశ్చింతగా నిద్రపోతారు.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. ధవళేశ్వరం ఆనకట్ట దాటగానే గోదావరి రెండు పాయలవుతుంది. తూర్పుది గౌతమి, పడమటిది వసిష్ఠ. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల నడుమ ఒండ్రు మేటవేసి ఏర్పడ్డ నేల కోనసీమ. చాచిన అరచేతి వేళ్ళలా ఉంటుంది మన తీరం, ఒక వేలి కొస నుంచి పక్క వేలి కొసకి నేరుగా దారి ఉండదు. ఓడలరేవు ఒడ్డున నిలబడితే వైనతేయ సముద్రంలో కలిసే మొగకి అవతల కరవాక కంటికి ఆనుతుంది. కారులో అక్కడికి చేరాలంటే మాత్రం అల్లవరం మీదుగా లోపలికి వచ్చి, బోడసకుర్రు దగ్గర వంతెనెక్కి, పాశర్లపూడిలో దిగి, మళ్ళీ సముద్రం వైపు తిరగాలి. కత్తిపూడి నుంచి ఒంగోలు పోయే 216 నంబరు జాతీయ రహదారి కూడా మన దగ్గర సముద్రానికి దూరంగానే నడుస్తుంది. కాబట్ ట్రైల్ లాగా ఒడ్డునే సాగిపోయే రోడ్డు మన గడ్డమీద వేయడం ఎవరితరమూ కాదు. నది ఒప్పుకోదు.

నది ఇలా అడ్డం పడుతుందనే మన పెద్దలు ఆ అడ్డంకినే యాత్రగా మలుచుకున్నారు. దాని పేరు సప్తసాగర యాత్ర. గోదావరి సముద్రంలో కలిసే ఏడు మొగల్లోనూ వరసగా స్నానం చేసిరావడం ఆ యాత్ర. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ అని ఏడు పాయల పేర్లు చెబుతారు. ఇవాళ పెద్ద పాయల్లో ఒకటైన వైనతేయ ఈ పాత లెక్కలో లేదు. పుష్య అమావాస్య నాడు కాకినాడ పక్కన చొల్లంగిలో మొదటి మునక. ఆ రోజుకి చొల్లంగి అమావాస్య అనే పేరు. అక్కడి నుంచి కోరంగి, తీర్థాలమొండి, కుండలేశ్వరం, రామేశ్వరం వంటి చోట్ల ఆగుతూ, మాఘ శుద్ధ ఏకాదశికి, అంటే భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరాలి. తిథుల లెక్కన మధ్యలో పదకొండు రాత్రులు. సంతానం కోరుకునే దంపతులు ప్రత్యేకించి ఈ యాత్ర చేసేవారు. అంతర్వేదిలో దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, ఏకాదశి నాడు రథోత్సవం. యాత్ర చివర ఆ జనసముద్రంలో కలిసిపోవడమే.

ఈ కాలం ఎంచుకోవడంలో తెలివి చూడండి. పుష్యం చివరికి వరికోతలు, నూర్పులు చాలావరకు అయిపోతాయి. రైతుకి చేతిలో తీరిక, గాదెలో గింజ, ఎడ్లకి విశ్రాంతి. తుపానుల కాలం దాటిపోతుంది, ఎండలింకా ముదరవు, ఏరు నిండుగా ఉన్నా ఉరవడి ఉండదు. అమావాస్యనాడు సముద్రపు పోటు ఎక్కువ, అష్టమి నవముల నాటికి మెత్తబడుతుంది. పట్టికలు అచ్చువేయకముందే చేపలవేటకి వెళ్ళేవాళ్ళు తిథిని బట్టి పోటు వేళ చెప్పేవారు. ఇప్పటికీ చెబుతారు.

ఇక ప్రయాణం సంగతి. గూడుబళ్ళలో కొందరు, కాలువల మీద పడవల్లో కొందరు వెళ్ళేవారు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. తరవాత తవ్విన కాలువలు పొలాలకి నీరివ్వడంతో ఆగక పడవలకీ దారులయ్యాయి. లాకు దగ్గర తలుపులు తీసేదాకా ఆగడం, గట్టుమీద దిగి వంట చేసుకోవడం మామూలు. బండి బయలుదేరేముందు బియ్యం, పప్పు, చింతపండు, ఊరగాయ జాడీ, చలిమిడి, జంతికలు, ఒక బిందె, ఒక గుండిగ ఎక్కించేవారు. కట్టెలు మోయనక్కరలేదు. ఎక్కడ దిగితే అక్కడ కొబ్బరితోట, ఎండుమట్టలూ డొక్కలూ కావలసినన్ని. మూడు రాళ్ళు పెట్టి నిప్పు రాజేస్తే అన్నం ఉడికిపోయేది. ఏ కట్టె ఎక్కడ దొరికితే అక్కడే కాల్చాలన్న కెనడా నియమం మనవాళ్ళు తెలియకుండానే పాటించారన్నమాట.

రాత్రి బసకి ఊరిబయట తోట, గుడి మంటపం, సత్రం, అరుగున్న ఇల్లు, ఏది దొరికితే అది. ఇక్కడే డొక్కా సీతమ్మ గారిని తలచుకోవాలి. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలై వచ్చి, 1909లో కన్నుమూసేదాకా ఆ ఇంటి ముందుకొచ్చిన ప్రతివారికీ అన్నం పెట్టిన మనిషి. గోదావరి దాటి వచ్చేవాళ్ళకీ, అంతర్వేది వైపు పోయేవాళ్ళకీ ఆ ఊరు దారిలో మజిలీ. పగలూ రాత్రీ లేదు, కులం గోత్రం అడగడం లేదు, పొయ్యి ఆరడం లేదు. ఆవిడ ఒకసారి అంతర్వేది స్వామిని చూడాలని పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్ళివారి బృందం ఎదురైంది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే పెద్దవాళ్ళు, ఇంకాస్త దూరం పోతే సీతమ్మగారి ఇల్లు వస్తుంది, అక్కడ అన్నం తిందామని సముదాయిస్తున్నారు. ఆ మాట విని ఆవిడ పల్లకి వెనక్కి తిప్పించారని కోనసీమంతా చెప్పుకుంటారు. స్వామి దర్శనానికి పోయేవాళ్ళ ఆకలి తీర్చడం దర్శనం కన్నా ముందుపని అనుకున్నారు. గన్నవరంలో కాలువ నీటిని వైనతేయ మీదుగా దాటించే కొత్త అక్విడెక్టుకి ఆవిడ పేరే పెట్టారు. బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి 2024లో రాష్ట్ర ప్రభుత్వం పెట్టిందీ ఆవిడ పేరే.

అక్కడ పార్కుల శాఖ చేసే పనిని ఇక్కడ ఒక ఇల్లాలు, కొన్ని సత్రాలు, తోట రైతులు కలిసి చేశారు. రాత్రి ఎక్కడ దిగినా నీళ్ళకీ, నిప్పుకీ, నిద్రకీ లోటు రాదన్న భరోసా ఉంది గనక పదకొండు రాత్రుల యాత్ర నడిచింది.

తరవాత వంతెనలొచ్చాయి. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద వంతెన 2002లో తెరిచారు. దానికోసం పట్టుబట్టి పనిచేసిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారు ఆ ఏడాది మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో పోయారు. వంతెన ఆయన పేరుతో నిలిచింది. వైనతేయ మీద బోడసకుర్రు, వసిష్ఠ మీద చించినాడ వంతెనలూ వచ్చాయి. కోనసీమకి ఇవి ఎంత అవసరమో, నొప్పులు పడుతున్న ఆడమనిషిని అర్ధరాత్రి రేవుకి తీసుకొచ్చి ఏరు దాటించే పంటు కోసం చూసినవాళ్ళకి తెలుసు.

కెనడాలోనూ ఇలాంటి కథే ఉంది. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలండ్ మన కోనసీమలాగే నీళ్ళ నడుమ ఉన్న వ్యవసాయపు గడ్డ. అక్కడ బంగాళాదుంప ప్రధాన పంట. వంతెన కావాలా వద్దా అని 1988లో ప్రజల్నే ఓటడిగారు. నూటికి 59 మంది కావాలన్నారు. మిగతావాళ్ళ భయం, దీవి దీవిలా మిగలదేమో అని. చివరికి 1997 మే 31న 12.9 కిలోమీటర్ల కాన్ఫెడరేషన్ వంతెన తెరిచారు. రావడం సులువైపోయింది కాబట్టి వచ్చినవాళ్ళు ఒక రాత్రైనా ఆగేలా గుడారాల జాగాలూ, ఒడ్డున నడకదారులూ నిలబెట్టుకున్నారు. మనకి వంతెనలొచ్చాక జరిగింది వేరు. పొద్దున్న అమలాపురంలో టిఫిను చేసి, అంతర్వేదిలో దర్శనం చేసుకుని, ఒడ్డున ఫొటో దిగి, చీకటిపడే వేళకి ఇల్లు చేరుతున్నాం. పదకొండు రాత్రుల తీరాన్ని ఒక పూటకి కుదించాం. దారి దగ్గరైన మాట నిజమే, సత్రాలూ రేవు మజిలీలూ ఒక్కొక్కటీ మూతపడ్డ మాటా నిజమే.

మళ్ళీ పదకొండు రాత్రులు తిరగమంటే ఉద్యోగస్థులకి కుదరదు. నాలుగైదు రోజులు సెలవు పెట్టుకున్న కుటుంబానికి నేను చెప్పే దారి ఇది. చొల్లంగిలో మొదలుపెట్టండి. పక్కనే కోరంగి మడ అడవులు, చెక్కబాట మీద నడుస్తూ పిల్లలకి మడచెట్ల వేళ్ళు చూపించండి. నేల నుంచి పైకి పొడుచుకొచ్చిన ఆ వేళ్ళతోనే చెట్టు గాలి పీలుస్తుంది. యానాంలో మొదటి రాత్రి. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ ఏలుబడిలో ఉన్న ఊరు అది, ఏటిగట్టు మీద సాయంత్రం బాగుంటుంది.

రెండో రోజు వంతెన దాటి మురమళ్ళ. వీరేశ్వరస్వామికి అక్కడ నిత్యకల్యాణం. ఆ తరవాత కాట్రేనికోన వైపు తిరిగి కుండలేశ్వరం, వృద్ధగౌతమి ఒడ్డు. మూడో రోజు అమలాపురం మీదుగా ఓడలరేవు. దారిలో కౌశికను దాటుతారు. యాత్రికులు పేరుపెట్టి మునిగిన ఆ పాయ ఇవాళ చాలాచోట్ల మురుగు కాలువంత అయిపోయింది. పిల్లలు ఇదేనా నది అని అడిగితే దాచకండి, అదేనని చెప్పండి. సంక్రాంతికి వెళితే కనుమనాడు మొసలపల్లి జగ్గన్నతోటలో ప్రభల తీర్థం కూడా కలిసొస్తుంది. గంగలకుర్రు అగ్రహారం ప్రభని భుజాన మోస్తూ నిండు కౌశికలోంచి దాటిస్తుంటే గట్టుమీద జనం ఊపిరి బిగబట్టి చూస్తారు.

నాలుగో రోజు బోడసకుర్రు వంతెన. దిగగానే పాశర్లపూడి. 1995 జనవరి 8న అక్కడి చమురుబావి పేలి 65 రోజులు మండింది. ఆ మంటకి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళొదిలి శిబిరాల్లో గడిపారు. ఆ వెలుగు చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ ఊళ్ళో ఉన్నారు, అడిగితే చెబుతారు. అక్కడి నుంచి అప్పనపల్లి బాలబాలాజీ గుడి, తరవాత ఆదుర్రు బౌద్ధస్తూపం. అశోకుడి కూతురు సంఘమిత్ర సింహళం పోతూ ఇక్కడ పునాది వేసిందని స్థానికులు చెప్పుకుంటారు. రాత్రికి దిండి, వసిష్ఠ ఒడ్డున. పొద్దున్నే మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా అంతర్వేది. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏరూ సముద్రమూ కలవడం చూసి, తిరుగుదారిలో సఖినేటిపల్లి రేవులో కారుని పంటెక్కించి నరసాపురం దిగండి. వంతెన మీద పోతే క్షణాల్లో అయిపోయే వసిష్ఠ పంటు మీద ఎంత వెడల్పో తెలుస్తుంది.

ఇక జాగ్రత్తలు. సంక్రాంతి నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఒడ్డున రాత్రి బస తలపెట్టవద్దు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీసింది, లక్షల కొబ్బరిచెట్లని విరిచింది. తోటలో గుడారం వేసేముందు తోట రైతు అనుమతి తీసుకోండి. చెట్టు మొదట్లో పడక వేయవద్దు, వరసల మధ్య ఖాళీలో వేయండి. ఎండుమట్ట ఎప్పుడు రాలుతుందో, కాయ ఎప్పుడు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కింద బరకం పరచి, గుడారం తలుపు ఎప్పుడూ మూసి ఉంచండి, దోమకీ పురుగుకీ పుట్రకీ అదే అడ్డు. చీకట్లో టార్చి లేకుండా అడుగు వేయకండి. కారుని ఇసుకలోకి దింపకండి, దిగబడితే ట్రాక్టరు తెచ్చుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం, మొగలో ఈతకి దిగకండి. ఏటి నీరూ సముద్రపు నీరూ ఒకదాన్నొకటి తోసుకునే చోట పైకి కనిపించని లాగుడు ఉంటుంది. మునగాలంటే స్థానికులు చూపించిన రేవులోనే మునగండి.

ఇంకో మాట. మనకి ప్రయాణం బాగుండే ఈ నెలల్లోనే సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి రాత్రిళ్ళు మన ఒడ్డుకి వస్తాయి. దీపం చూస్తే వెనక్కి మళ్ళిపోతాయి. కనక ఇసుక మీద మంటలు వేయకండి, పెద్ద లైట్లు వెలిగించకండి. వంటా మాటా తోటలో, సముద్రం దగ్గర చీకటి. ఎలుగుబంట్ల కోసం అక్కడ తిండి దాచినట్టు, తాబేళ్ళ కోసం ఇక్కడ వెలుతురు దాచుకోవాలి.

తిండికి ఇబ్బంది లేదు. అంబాజీపేట పొట్టిక్కలు, ఆత్రేయపురం పూతరేకులు, ఎక్కడ ఆగినా బొండాలు. ఒక పూటైనా పిల్లలచేత మూడు రాళ్ళు తెప్పించి అన్నం వండించండి. అడుగంటినా తింటారు.

చివరగా మన పంచాయతీలకు ఒక విన్నపం. కెనడాలో ఉన్న ఏర్పాటు ఇక్కడ కుదరనిదేమీ కాదు. ఒక్కొక్క మొగ దగ్గర, ఒడ్డుకి కాస్త ఎడంగా, మెరకమీద ఒక ఎకరం జాగా. చదునుచేసిన పది పడకల చోట్లు, వాటికి నంబర్లు. మంచినీళ్ళ కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్లు, చెత్త వేసే గుంట, రాత్రికి ఒక కాపలామనిషి. ముందుగా చెబితే డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు వండిపెట్టే భోజనం. పోటు వేళలూ, దిగకూడని చోట్లూ రాసిన ఒక బోర్డు. కోట్ల ఖర్చు లేదు, వచ్చిన రుసుము ఊళ్ళోనే ఉంటుంది. తుపాను షెల్టరు పక్కనే జాగా ఎంచితే ఆపదలో ఆ పైకప్పు కూడా ఆదుకుంటుంది. దారిన పోయేవాళ్ళకి ఒక రాత్రి భరోసా ఇవ్వడానికి సీతమ్మగారికి ఒక్క ఇల్లు సరిపోయింది. మొగకొక పంచాయతీ పూనుకుంటే ఏడు మొగలకీ ఆ భరోసా వచ్చితీరుతుంది. మీ ఊరి గ్రామసభ ఈసారి జరిగినప్పుడు ఈ మాట అడగండి.